పాత పార్లర్ పాటల ప్లేట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

లీడ్స్‌లో నువ్వు కొన్న గ్రామఫోన్ ప్లేట్ల ఫొటోలు చూశాను. మంచి సరుకే దొరికింది, కంగారుపడి పాడుచేయకు. పాటలు విక్టోరియా కాలానివే గానీ ప్లేట్లు ఆ తర్వాతివి. స్వరకర్త సల్లివన్ ‘ది లాస్ట్ కార్డ్’ 1877 నాటిది, మరో స్వరకర్త మొలాయ్ ‘లవ్స్ ఓల్డ్ స్వీట్ సాంగ్’ 1884 నాటిది. ఇంట్లో పియానో పక్కన నిలబడి పాడుకోమని కాగితం మీద అచ్చేసి అమ్మిన పాటలివి. 1900 తర్వాత కచేరీ గాయకులు రికార్డింగ్ బూరా ముందు నిలబడి పాడినవి నీ చేతికి వచ్చాయి. పియానో సన్నగా, బాంజోలా వినబడితే అది నీ యంత్రం తప్పు కాదు. 1925కు ముందు ప్లేట్ల రికార్డింగుకు మైక్రోఫోన్ వాడేవారు కాదు కాబట్టి లోతైన స్వరాలు, బాగా పైస్వరాలు ప్లేటు దాకా రానేలేదు.

ముందు కడగడం. ఇవి లక్కతో చేసినవి. స్పిరిట్ గానీ ఆల్కహాల్ కలిసిన ఏ ద్రావకం గానీ తగిలితే లక్క కరుగుతుంది. లీటరు డిస్టిల్డ్ నీళ్లలో ఫొటోలు కడిగేవాళ్లు వాడే వెట్టింగ్ ఏజెంట్ రెండు మూడు చుక్కలు చాలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తోము, అడ్డంగా తోమకు. లేబుల్ తడవనివ్వకు. నిలబెట్టి పూర్తిగా ఆరనిచ్చాకే తొడుగులో పెట్టు. పావు అంగుళం మందం ఉన్న ఎడిసన్ ప్లేట్లకు మాత్రం నీళ్లు తగలకూడదు, లోపలి చెక్కపొడి ఉబ్బిపోతుంది. ప్లేట్లలాగే పాటలు ఎక్కించిన మైనపు సిలిండర్లు దొరికితే వాటినీ తడపకు.

ముల్లు మార్చాలి. ఎల్పీల (తర్వాతి కాలపు వినైల్ ప్లేట్ల) ముల్లు మొన 18 నుంచి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఈ గాడికి సుమారు 75 కావాలి. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున ఈడ్చుకుంటూ గరగరే వినిపిస్తుంది. 64, 75, 89 మైక్రాన్ల ముళ్లు మూడూ ఉంటే ప్రతి ప్లేటుకూ అర నిమిషం చొప్పున పెట్టి చూడు. పాత ఉక్కు ముల్లు గాడి గోడలను ఒక లోతులోనే అరగదీసి ఉంటుంది. కొంచెం పైనో కిందో నడిచే ముల్లుకు చెడని గోడ దొరుకుతుంది. చివరి చరణంలో గొంతెత్తే చోట వినే ఎంచుకో, ఎక్కువ అరిగేది అక్కడే. ముల్లు ప్లేటు మీద మోపే బరువు 3 నుంచి 5 గ్రాములు.

ముల్లు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే ప్రీయాంప్‌లో ఎల్పీల కోసం 1954లో స్థిరపడిన, ఆర్ఐఏఏ అనే స్వరాల హెచ్చుతగ్గుల సవరణ ఉంటుంది. అది ఈ ప్లేట్లకు పనికిరాదు, పైస్వరాలను అణిచేస్తుంది. ఏ సవరణా లేకుండా ఫ్లాట్‌గా ఇచ్చే ప్రీయాంప్ తీసుకో. స్టీరియోలోనే, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చెయ్యి. తర్వాత ఎడమ, కుడి ఛానెళ్లు విడివిడిగా విను, ఒక్కోటీ గాడి ఒక్కో గోడది. ఒక గోడ బాగుంటే అదొక్కటే ఉంచుకో, రెండూ సమానంగా ఉంటే కలుపు. కలిపితే నిలువు కదలిక వల్ల వచ్చే రొద చాలావరకు పోతుంది. పాథే కంపెనీ పాత ప్లేట్లకు ఇది తిరగబడుతుంది. వాటిలో పాటే నిలువు కదలికలో ఉంది కాబట్టి ఒక ఛానెల్‌ను తలకిందులు చేసి కలపాలి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక వేగం దగ్గర పెట్టు. నిమిషానికి 78 తిప్పుళ్లు అనేది తర్వాత కుదిరిన లెక్క. తొలి ప్లేట్లు 70 నుంచి 82 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 73.6 దగ్గర పాడినదాన్ని 78లో తిప్పితే శ్రుతి సరిగ్గా ఒక మెట్టు, అంటే పియానోలో నల్లవీ కలిపి ఒక మీట నుంచి పక్క మీటకు, పెరుగుతుంది. లావైన కాంట్రాల్టో (ఆడవాళ్లలో బాగా కిందిస్థాయి) గొంతు పడుచుపిల్ల గొంతవుతుంది. పాట పరుగెడుతోంది కదా అని వేగం తగ్గించకు. పది అంగుళాల ప్లేటులో దాదాపు మూడు నిమిషాలే పడతాయి. అందులో ఇమడాలని చరణాలు తగ్గించి, హడావుడిగా పాడినవాళ్లు ఉన్నారు. శ్రుతినే పట్టుకో.

అచ్చు స్వరలిపి తెచ్చి, శ్రుతి కొలిచే ట్యూనర్‌తో పోల్చు. ఒకే పాటను పబ్లిషర్లు హెచ్చు, మధ్యమ, తగ్గు శ్రుతుల్లో విడివిడిగా అమ్మేవారు కాబట్టి ఒక ప్రతి చూసి తేల్చకు. 70 నుంచి 82 లోపల రెండు మూడు శ్రుతులు కుదరొచ్చు. అప్పుడు గొంతులోని కంపం, అ, ఆ వంటి అచ్చుల రంగు వినాలి. వేగం హెచ్చితే కంపం మేక అరుపులా అవుతుంది. అదే గాయకుడు అదే రోజు పాడిన ఇంకో ప్లేటు ఉంటే రెండూ ఒకే వేగానికి కుదరాలి. అది గట్టి సాక్ష్యం. ఇంకో చిక్కుంది. లండన్ ఆర్కెస్ట్రాలు 1896లో ‘ఏ’ స్వరాన్ని 452 హెర్ట్జ్ నుంచి 439కి దించాయి గానీ సైనిక బ్యాండ్లు చాలాకాలం పాత హెచ్చు శ్రుతిలోనే ఉండిపోయాయి. వెనక బ్యాండు ఉంటే అర మెట్టు తేడా, అంటే రెండుకు పైగా తిప్పుళ్ల తేడా, రావొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి, నిడివి కలిసి మారే ఎఫెక్టే వాడు. శ్రుతిని మాత్రమే మార్చేది వద్దు.

ఆడెలీనా పాటీ 1905లో వేల్స్‌లోని తన కోటలో పాడిన ‘హోమ్, స్వీట్ హోమ్’ వేర్వేరు సీడీల్లో దొరికితే పక్కపక్కన విను. అరవై దాటిన ఆ గొంతు ఎంత వేగంలో సహజంగా అనిపిస్తుందో చెవికి పట్టుబడుతుంది.

శుభ్రం చేసేటప్పుడు ముందు చిటపటలు తీయి, ఫిల్టర్ తర్వాతే. ముందే ఫిల్టర్ వేస్తే చిటపట సాగి మొద్దుబారుతుంది, ఇక సాఫ్ట్‌వేర్‌కు దొరకదు. 70 హెర్ట్జ్ కింద కోసెయ్యి. పైన 6000 దగ్గర్నుంచి మెల్లగా దించు, 3000 దగ్గర కోయకు. ‘స’, ‘ఫ’ ధ్వనులు ఆ ప్లేట్లలో ముందే బలహీనం, ఉన్న కాస్తా పోతే పాటలో మాటే అర్థం కాదు. ఈ పాటలకు ప్రాణం మాటే. కొంత బుసబుస ఉండనీ.

సవరించని ఫైలు ఎప్పటికీ విడిగా ఉంచు. పేరులో లేబుల్ నంబరుతో పాటు లోపలి అంచున లక్కలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన గుర్తు), ముల్లు కొలత, నువ్వు తేల్చిన వేగం రాయి. 1963కు ముందు విడుదలైన రికార్డింగులకు బ్రిటన్‌లో కాపీరైటు తీరిపోయింది. అయితే బయట పెట్టే ముందు రచయిత, స్వరకర్త చనిపోయి 70 ఏళ్లు దాటాయో లేదో చూసుకో.

మొదటి రెండు ప్లేట్లు ఎక్కించాక సవరించని ఫైళ్లు పంపు, వేగం నేనూ విని చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న