తూరు పట్టణం మీద యెహెజ్కేలు ప్రవచనం నెరవేరిందా?

బైబిల్లో యెహెజ్కేలు 26వ అధ్యాయం అక్షరం పొల్లుపోకుండా నెరవేరిందని మీ పాస్టరు గారు, పూర్తిగా తప్పిందని మీ స్నేహితుడు అంటున్నారు, ఎవరిది నిజమని అడిగారు. నాకు తెలిసినంతలో కొంత నెరవేరింది, కొంత నెరవేరలేదు. నేను విశ్వాసినే. అయినా ఈ మాట చెప్పడానికి జంకను. అనుకున్నట్టు జరగలేదని మొదట రాసిపెట్టింది యెహెజ్కేలే.

ముందు 26వ అధ్యాయం ఏం చెబుతోందో చూడండి. అనేక జనాంగాలు సముద్రపు అలల్లా తూరు మీదికి వస్తాయి. బబులోను రాజు నెబుకద్రెజరు ప్రాకారాలు పడగొట్టి, గుర్రాలతో వీధులు తొక్కిస్తాడు. రాళ్లూ కలపా మన్నూ నీళ్లలో పడతాయి. పట్టణం వట్టి బండగా, వలలు ఆరబెట్టుకునే చోటుగా మిగులుతుంది, మళ్లీ కట్టబడదు.

తూరు ఇప్పటి లెబనాన్ తీరంలో ఉంది. అప్పట్లో అసలు తూరు ఒడ్డుకు ముప్పావు కిలోమీటరు దూరంలో ఉన్న ద్వీపం. ఎదురుగా నేల మీద దానికి చెందిన ఊళ్లుండేవి. నెబుకద్రెజరు 13 ఏళ్లు ముట్టడి వేశాడని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఒడ్డున ఉన్నవి చేజిక్కాయి. ద్వీపం మాత్రం దోపిడీకి దొరకలేదు. చివరికి తూరు బబులోను పెత్తనానికి ఒప్పుకుంది, అంతే.

ఇప్పుడు 29వ అధ్యాయం 17 నుంచి 20 వచనాలు తీయండి. దాని తేదీ యూదా రాజు యెహోయాకీను చెరపట్టబడ్డాక ఇరవై ఏడో సంవత్సరం, అంటే క్రీ.పూ. 571. తూరు మీద చేసిన చాకిరీకి నెబుకద్రెజరు సైనికుల తలలు బోడివయ్యాయి, భుజాలు కొట్టుకుపోయాయి, అయినా అతనికీ సైన్యానికీ తూరు నుంచి కూలి దక్కలేదు, అందుకే ఐగుప్తును జీతంగా ఇస్తాను అంటాడు దేవుడు. నేను సైన్యంలో పనిచేసినవాణ్ణి. ఎండలో శిరస్త్రాణం పెట్టుకుని, భుజం మీద బరువు మోస్తూ రోజులు గడపడమంటే ఏమిటో తెలుసు. ఆ వచనం రాసిన మనిషికి ముట్టడి కష్టం తెలుసు, అది ఫలించలేదనీ తెలుసు. మా యూత్ మీటింగుల్లో 26వ అధ్యాయం మీద చాలా ప్రసంగాలు విన్నాను, ఈ నాలుగు వచనాలు చదివి వినిపించినవారు లేరు. నాకు బాధ కలిగించేది అదే.

మీ పాస్టరు గారు అలెగ్జాండర్ పేరు చెప్పి ఉంటారు. అది బలమైన వాదనే. క్రీ.పూ. 332లో అతను ఒడ్డున ఉన్న పాత ఊరి శిథిలాలను సముద్రంలో పోయించి, ద్వీపం దాకా కట్ట వేయించి, ఏడు నెలల్లో పట్టణాన్ని పట్టుకున్నాడు. రాళ్లు, మన్ను నీళ్లలో పడటం అనే మాట చదివినప్పుడు ఇది గుర్తురాకుండా ఉండదు. 12వ వచనంలో ‘అతడు’ పోయి ‘వారు’ వస్తుంది కాబట్టి అక్కణ్ణుంచి తర్వాతి రాజుల సంగతి అంటారు. కావచ్చు. కానీ ఆ ‘వారు’ నెబుకద్రెజరు సైనికులేనని చదివినా తప్పులేదు.

‘మళ్లీ కట్టబడదు’ అన్న దగ్గర మాత్రం ఆ వాదన నిలవదు. అలెగ్జాండర్ ఆ ఊరిని పట్టుకున్న ఇరవై ఏళ్లు నిండకముందే, అతని సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ ఏడాదికి పైగా ముట్టడిస్తే గానీ తూరు లొంగలేదు, అంటే అంత త్వరగా లేచి నిలబడింది. యేసుప్రభువు తూరు సీదోనుల ప్రాంతానికి వెళ్లాడు. పౌలు అక్కడి శిష్యుల దగ్గర ఏడు రోజులు ఉన్నాడు (అపొ. కార్యములు 21). శాపం ఒడ్డున ఉన్న ఊరికి మాత్రమే అని కొందరంటారు గానీ, సముద్రం మధ్య ఉన్న పట్టణం గురించే మాట్లాడుతున్నానని ప్రవక్తే 26:5లో చెప్పాడు.

ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో మన బెటాలియన్‌తో దక్షిణ లెబనాన్‌లో ఉన్నప్పుడు నేను ఆ ఊరు చూశాను. ఇప్పటి పేరు సూర్. అలెగ్జాండర్ వేసిన కట్ట చుట్టూ ఇసుక మేటవేసి ద్వీపం నేలతో కలిసిపోయింది. రేవులో జాలర్ల పడవలూ వలలూ ఉన్నాయి, నిజమే. వాటి వెనకే ఇళ్లు, అంగళ్లు, బడికెళ్లే పిల్లలు ఉన్నారు. రోమన్ల కాలపు స్తంభాలు, రథాల పందెపు మైదానం ఉన్నాయి, 1984 నుంచి అవి యునెస్కో జాబితాలో ఉన్నాయి. వలల ఫొటో ఒక్కటే స్లైడ్ మీద వేసి ‘నెరవేరింది’ అనడం ఆ ఊరివాళ్ల పట్ల అన్యాయం.

అయితే ప్రవచనం తప్పిందా అంటే, మీ స్నేహితుడికి ఇంకో రెండు చోట్లు చూపించండి. యిర్మీయా 18లో, ఒక జనం మీద కీడు ప్రకటించాక వాళ్లు మారితే నేనూ మనసు మార్చుకుంటానంటాడు దేవుడు. యిర్మీయా 26లో పెద్దలు మీకా ప్రవచనాన్ని గుర్తుచేస్తారు: సీయోను, అంటే యెరూషలేము, పొలంలా దున్నబడుతుందన్నాడు, యూదా రాజు హిజ్కియా భయపడి వేడుకున్నాడు, అది తప్పిపోయింది. ఆ పెద్దలెవరూ మీకాను అబద్ధ ప్రవక్త అనలేదు. తూరు పశ్చాత్తాపపడినట్టు ఎక్కడా లేదు కాబట్టి దీన్ని జవాబుగా అతికించను. కానీ ఆ కాలంలో ప్రవచనాన్ని విన్నవాళ్లు దాన్ని భవిష్యత్తు చూసి రాసిన రికార్డులా కాక, హెచ్చరికగా విన్నారని మాత్రం తెలుస్తుంది.

నాకు నమ్మకం కలిగించేది ఇంకొకటి. 26వ అధ్యాయం తేదీ పదకొండో సంవత్సరం, 29లో ఈ మాట ఇరవై ఏడోది. మొదటిదాన్ని చెరిపేసి కథ సరిచేసుకునే అవకాశం ఆ పుస్తకాన్ని కాపాడినవాళ్లకు ఉంది. చెరపలేదు, రెండూ తేదీలతో సహా మనకిచ్చారు. మీ పాస్టరు గారితో మాట్లాడేటప్పుడు వాదనకు దిగకుండా, 26 నుంచి 29 దాకా కలిసి చదువుదామని అడగండి.