‘సొవాజ్’ని ఎలా అనువదించాలి?

కెనడాలోని క్యూబెక్ నుంచి వచ్చిన పాత ఫ్రెంచి ఉత్తరాన్ని తెలుగు చేస్తూ ‘సొవాజ్’, ‘మోంతాన్యే’ అన్న మాటల దగ్గర ఆగిపోయానన్నారు కదండీ, టెన్షన్ పడకండి.

సొవాజ్ అంటే అడవిమనిషి, అక్కడి మూలవాసుల్ని అప్పట్లో అలా పిలిచేవాళ్లు. ఈరోజు వింటే తిట్టులా ఉంటుంది గానీ, మూలవాసుల గురించి చేసిన 1876 నాటి కెనడా చట్టం ఫ్రెంచి ప్రతిలో కూడా ఇదే మాట వాడారు. అందుకే ఉత్తరంలో దాన్ని అలాగే ఉంచి, కింద చిన్న వివరణ ఇవ్వండి. మెత్తబరిస్తే ఆ కాలం కనపడదు. మీ ముందుమాటలో మాత్రం ‘ఓతొక్తోన్’ అనండి, అంటే మూలవాసులు. కెనడా 1982 రాజ్యాంగ చట్టం ఫ్రెంచి పాఠంలో ఉన్నది అదే.

మోంతాన్యే అంటే కొండలవాళ్లు, అక్కడి ఒక మూలవాసి జనానికి ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు. ఆ జనం మాత్రం తమను ‘ఇన్నూ’ అనుకుంటారు. పేరు దగ్గరగా ఉన్నా, ఆర్కిటిక్ ప్రాంతపు ఇనూయిట్‌లు వేరే జనం. నేనూ ఒకసారి ఇద్దర్నీ కలిపేసి, పది పేజీలు మళ్లీ దిద్దుకున్నాను!