వడ్రంగి మూల: పెన్నులకు సొరుగుల పెట్టె

ప్రశ్న: అయ్యా, నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లుగా కూడబెట్టిన ఇంకు పెన్నులు 60 దాకా ఉన్నాయి. సగానికి పైగా రాజమండ్రి ఎబొనైట్ పెన్నులే. ఇప్పుడు బిస్కెట్ డబ్బాల్లో, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు చుట్టి పెట్టాను. నా చేత్తోనే ఒక సొరుగుల పెట్టె చేసుకోవాలని కోరిక. రంపం, చిత్రిక, ఉలి, చేతి డ్రిల్లు ఉన్నాయి. టేకు వాడాలా, వేప చాలా? గాలి చొరకుండా బిగించి చేయాలా? పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, ముందు ఆ రబ్బరు బ్యాండ్లు తీసేయండి. పెట్టె సంగతి తర్వాత. మన ఎండలకు రబ్బరు జిగురు తేలి పెన్నుకు అతుక్కుంటుంది. పైగా అందులో గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. ఆ మాటకొస్తే ఎబొనైట్ కూడా గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరే. అందుకే వెండి క్లిప్పుల పెన్నులను వాటితో ఒకే సొరుగులో పెట్టకండి.

గాలి చొరకుండా బిగించాలా అని అడిగారు. ఆ పొరపాటు నేను చేసి ఉన్నాను. మా బావగారికి ఒకసారి నెల్లూరులో రోహిణి కార్తెలో ఇలాంటి పెట్టె చేసి ఇచ్చాను. సొరుగు తోస్తే ఉస్సుమని గాలి వదులుతూ లోపలికి జారేది. ఒకటి మూస్తే లోపలి గాలికి పైది బయటికి వచ్చేది. అది చూసి నేను మురిసిపోయాను, చూసినవాళ్లూ మెచ్చుకున్నారు. కార్తీకంలో తుపాను పట్టి వారం రోజులు వాన కురిసింది. నాలుగు సొరుగుల్లో ఒక్కటీ రాలేదు. బావగారు బలంగా లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. ఆ ముక్క జేబులో వేసుకుని మా ఇంటికి వచ్చారు.

కర్ర నార వెంట పెరగదు, నారకు అడ్డంగా ఉబ్బుతుంది. సొరుగు పక్కపలకలో నార ముందునుంచి వెనక్కి పోతుంది కాబట్టి వానాకాలంలో పెరిగేది దాని ఎత్తే. మన ఒంగోలు, నెల్లూరు వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మీరు ఎండాకాలంలో చేస్తుంటే సొరుగు పైన 1 మిల్లీమీటరు ఖాళీ వదలండి. ముసురులో చేస్తుంటే అర మిల్లీమీటరు చాలు. రెండు పక్కలా కలిపి 1 మిల్లీమీటరు ఏ కాలంలోనైనా సరిపోతుంది. వెనక పలకకు ప్రతి సొరుగు ఎదురుగా 8 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి వేయండి, గాలి అటు పోతుంది.

కర్ర విషయానికి వస్తే, సొరుగులకు టేకే. పాత ఇళ్ల తలుపులు, ద్వారబంధాలు అమ్మేచోట వెతకండి, దశాబ్దాలు ఆరిన చేవ దొరుకుతుంది. మేకు దాగి ఉందేమో అయస్కాంతం ఆనించి చూశాకే చిత్రిక పట్టండి. వేప బయటి పెట్టెకు పనికొస్తుంది గానీ, దాని నార అటూ ఇటూ పెనవేసుకుని ఉంటుంది, చిత్రికకు పెచ్చులు లేస్తుంది. ఓపిక ఉంటే వాడండి.

కొలతలు: సొరుగుకు 15 పెన్నులు, నాలుగు సొరుగులు. లోపలి వెడల్పు 330, ముందువెనకలు 160 మిల్లీమీటర్లు. పక్కపలకలు 10 మిల్లీమీటర్ల మందం, 36 ఎత్తు. అడుగున 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను గాడిలోకి జొప్పించండి. టేకు పలకే వేస్తానంటే దాన్ని గాడిలో జిగురుతో అంటించవద్దు. ఆడనివ్వాలి, లేకపోతే చీలుతుంది.

ఇక పెన్ను ఆనే గాళ్లు. ఒక్కొక్కటే ఉలితో చెక్కబోతే 60 పెన్నులకు రెండేసి చొప్పున 120 గాళ్లు. అంత ఓపిక నాకు కూడా లేదు. 24 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మందం, 330 పొడవున్న పట్టీ తీసుకోండి. నడిమధ్య పొడవునా గీత గీయండి. చివరి నుంచి 11 మిల్లీమీటర్ల దగ్గర మొదటి గుర్తు, అక్కడినుంచి 22కు ఒకటి చొప్పున 15 గుర్తులు. లెక్కల మాస్టారు కదా, చివరి గుర్తు 319 దగ్గర పడిందో లేదో మీరే చూసుకోండి. కింద పనికిరాని చెక్క పెట్టి, ప్రతి గుర్తు మీదా 16 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. చెక్క లేకుండా వేస్తే అడుగున అంచు పగులుతుంది. ఆ తర్వాత గీత వెంట పట్టీని రంపంతో నిలువునా రెండుగా కోయండి. అరచంద్రాల వరుసతో ఒకే తీరు పట్టీలు రెండు చేతికొస్తాయి. ఒకటి మూత కిందికి, ఒకటి పాళీకి ఎదురు చివర కిందికి. మధ్యన ఖాళీ ఉంటుంది గనుక వేలు దూర్చి పెన్ను ఎత్తవచ్చు. గాడి అంచులను ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్లలా ఆకురాయితో నున్నగా గుండ్రం చేయండి. పైన పలుచని నూలు మఖమలు అంటిస్తే చాలు. ఉన్ని గుడ్డ వద్దు, అందులోనూ గంధకమే.

కలరా ఉండలు వేయనే వేయకండి. ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన పెన్నులు ఉంటే వాటికి వేరే సొరుగు, గాలి ఆడేలా. అది తొందరగా నిప్పంటుకునే పదార్థం, దీపం దగ్గర పెట్టవద్దు. లోపల పాలిష్ వద్దు, బయట లక్క పాలిష్ చాలు. జిగురు, పాలిష్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు వారాలు, సొరుగులు తెరిచి ఉంచండి. పెన్నులను ఇంకు వంపేసి, కడిగి, ఆరాక పెట్టండి. ఎబొనైట్ ఎండకు రంగు మారుతుంది కాబట్టి పెట్టెకు గాజు మూత మోజు కూడా మానుకోండి.

ప్రశ్న: మా అమ్మమ్మ గారి టేకు బల్ల సొరుగు ఏటా దీపావళి దాటగానే బిగుసుకుపోతుంది. మామయ్య చిత్రిక పట్టిస్తానంటున్నారు. పట్టించవచ్చా?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. వానలో చిత్రిక పడితే మే నెలకు సొరుగు గలగలలాడుతుంది. ఈలోపు కొవ్వొత్తి ముక్కతో సొరుగు అంచులూ, అది జారే పట్టీలూ గట్టిగా రుద్దండి. సంక్రాంతి దాటాక కూడా పట్టేస్తుంటే, అంచుకు సుద్ద పూసి మూసి తెరవండి. సుద్ద చెరిగినచోటే రాచుకుంటోందన్నమాట. చిత్రిక అక్కడ మాత్రమే, రెండు పట్లు. అందాకా మామయ్యను ఆగమనండి.