జీన్ టెస్ట్ కన్నా ముందు ఆ మైనం బ్లాకు అడగండి

మీ నాన్నగారి బుగ్గ లోపల తెల్ల మచ్చ, బయాప్సీలో మైల్డ్ డిస్‌ప్లాసియా, అంటే కణాలు కాస్త మారడం మొదలైంది, ఇంకా క్యాన్సర్ కాదు. జీన్ టెస్ట్ చేయిస్తే క్యాన్సర్ అవుతుందో లేదో తేలిపోతుందా అని అడిగారు. తేలిపోదండి. ఇదే ప్రశ్న ఆరేళ్ల కిందట మా అమ్మ కోసం నేనూ అడిగాను.

మాది సోంపేట వైపు, సముద్రం పక్క ఊరు. అమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు కొస నోట్లోపల పెట్టుకుని. గాలికి ఆరదు, చేతిలో పని ఆగదు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు చూసి, ఈ అలవాటు వల్ల అంగిలి మీద వచ్చే మచ్చల గురించి పరిశోధకులు 1971లోనే రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మా అమ్మకి బీపీ చూసినవాళ్లు, షుగర్ చూసినవాళ్లు ఉన్నారు గానీ, నోరు తెరవమన్న డాక్టర్ ఒక్కరూ లేరు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ దసరాకి ఇంటికెళ్తే, చేపల పులుసు మండుతోందని అమ్మ కంచం పక్కకి జరిపింది. పచ్చిమిరపకాయ కొరుక్కుని గంజి తాగిన మనిషి! ఫోన్ లైటు వేసి చూశాను. అంగిలంతా బూడిద రంగు, మధ్యలో గోరంత ఎర్ర మచ్చ. "నొప్పి నేదు గదరా, ఇంకేటి సూపించుకోడం" అంది. బతిమాలి తీసుకెళ్లాను. మైల్డ్ అన్నారు, ఆర్నెల్లకోసారి రమ్మన్నారు.

రెండో ఏడు మచ్చ అంచు పెరిగినట్టు అనిపించి వేరేచోట మళ్లీ బయాప్సీ చేయించాం. ఈసారి మోడరేట్, అంటే మైల్డ్ కన్నా ఒక మెట్టు ఎక్కువ. అక్కడి పాథాలజీ డాక్టరమ్మ ఒకటే అడిగారు: "మొదటి బ్లాకు ఉందా? ఈ రెండేళ్లలో ముదిరిందా, అప్పుడే ఇలా ఉందా అన్నది రెండూ పక్కపక్కన పెడితేనే చెప్పగలను." కోసిన ముక్కని మైనంలో పెట్టి దాచేదే బ్లాకు. పాతచోటికి పరిగెత్తాను. రిజిస్టర్లో నంబరుంది, డబ్బాలో బ్లాకు లేదు. మధ్యాహ్నం దాకా నిలబెట్టి, దొరకలేదని చెప్పి పంపేశారు. అమ్మ నోట్లోంచి కోసిన ముక్క అది. దాన్ని అంత తేలిగ్గా పారేసుకుంటారా?

ఆ టెన్షన్‌లో ఉండగానే ఒక ల్యాబ్ మనిషి తగులుకున్నాడు, రక్తం ఇస్తే డీఎన్ఏ చూసి క్యాన్సర్ రిస్కు చెప్తామని. దయచేసి వీళ్లని నమ్మకండి. రక్తంలో కనిపించేది పుట్టుకతో వచ్చిన డీఎన్ఏ. మచ్చ ముదురుతోందా లేదా అన్నది మచ్చ కణాల్లోనే ఉంటుంది. మనకి ప్రతి క్రోమోజోమూ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి కదా. ముదిరే మచ్చ కణాల్లో చాలాసార్లు 3, 9 క్రోమోజోముల పొట్టి చేతుల్లో (క్రోమోజోము రెండు వైపుల్లో పొట్టి వైపు) ఈ రెండింట్లో ఒకదాని ముక్క ఊడిపోతూ ఉంటుంది. కణాన్ని అదుపులో పెట్టే పీ16 జీన్ ఉండేది ఆ 9లోనే. ముక్క పోయిందని తేల్చాలంటే మచ్చ కణాల డీఎన్ఏని అదే మనిషి మామూలు డీఎన్ఏతో పోల్చాలి. ఒక్క రక్తంతో అయ్యే పని కాదు.

కెనడా వాళ్లు 2012లో మైల్డ్, మోడరేట్ ఉన్న 296 మంది మీద దీన్ని సరిచూశారు. 9లో ముక్క పోని తక్కువ రిస్కు గుంపులో ఐదేళ్లలో క్యాన్సర్‌గా మారింది 3.1 శాతం. 9తోపాటు 4, 17 క్రోమోజోముల్లోనూ ముక్కలు పోయిన గుంపులో 63.1 శాతం. మైక్రోస్కోప్ కింద రెండు గుంపులూ మైల్డో మోడరేటో, అంతే! అందుకే ఈ పరీక్షంటే నాకు గౌరవం. కానీ అది అక్కడి రోగుల లెక్క. అడ్డపొగకి కాలిన మా అమ్మ అంగిలికి దాన్ని ఉన్నదున్నట్టు అంటించడానికి నేను ఒప్పుకోను.

పోనీ రిస్కు ఉందని తెలిస్తే మందుందా? ఇలా ముక్కలు పోయినవాళ్లనే ఎంచి 150 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మందు మాత్రలు ఇచ్చి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. మాత్ర క్యాన్సర్‌ని ఆపలేదు. కాబట్టి ఏ పరీక్ష చేయించినా చివరికి మిగిలేది చుట్ట, గుట్కా మానడం, అవసరమైతే మచ్చ తీయించడం, వదలకుండా చూసుకోవడం.

అమ్మకి మచ్చ మొత్తం తీసేశారు. చుట్ట మానడానికి ఏడాది పట్టింది, రెండుసార్లు మళ్లీ మొదలెట్టింది కూడా. ఇప్పుడు మూడు నెలలకోసారి అదే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పక్కన స్కేలు పెట్టి అంగిలి ఫొటో తీస్తాను. రెండో బ్లాకు అడిగి తెచ్చుకున్నాను. మైనం కదా, ఎండ తగలకుండా బీరువాలో అమ్మ పట్టు చీరల కింద పెట్టాను.

మీ నాన్నగారి రిపోర్టు పైన బయాప్సీ నంబరు ఉంటుంది. అది పట్టుకుని ఈ వారమే వెళ్లండి. బ్లాకూ స్లైడ్లూ కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి.