డ్రమ్మర్ కోటు రంగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. 1777లో అమెరికాలో పోరాడే బ్రిటిష్ పటాలం కథ. అందులో డ్రమ్మర్‌కి కూడా మిగతా సైనికుల్లాగే ఎర్రకోటు తొడిగావు. కథంతా అతని చుట్టూ తిరుగుతోంది కాబట్టి ముందు ఆ కోటు సంగతి తేల్చు.

1768 నాటి రాజాజ్ఞ ప్రకారం డ్రమ్మర్ కోటుకి రంగులు తిరగబడతాయి. సైనికుడిది పసుపు కాలరు, పసుపు చేతి మడతలు ఉన్న ఎర్రకోటు అయితే, డ్రమ్మర్‌ది ఎర్ర మడతలున్న పసుపు కోటు. తలమీద నల్లని ఎలుగు తోలు టోపీ. లేసు ఎక్కడెంత కుట్టాలో కల్నల్ ఇష్టం. కాలరూ మడతలూ నీలంగా ఉండే రాయల్ రెజిమెంట్లలో మాత్రం డ్రమ్మర్‌దీ ఎర్రకోటే. నీకు ఎరుపే కావాలంటే పటాలాన్ని మార్చు.

ఇది సింగారం కాదు. అధికారి ఆజ్ఞ డ్రమ్ము మీదుగానే దళానికి చేరేది. తుపాకి మందు పొగ కమ్మేసినప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడో చటుక్కున కనబడాలి. రిట్రీట్ (వెనక్కి తగ్గడం) అనే డ్రమ్ము వరస వినగానే ఓటమి అని రాశావు. శిబిరంలో రోజూ పొద్దుగూకే వేళ కొట్టే వరస పేరు కూడా అదే.

నీ వాన సన్నివేశంలో డ్రమ్ము ఖంగున మోగింది. మోగదు. చర్మం తడిస్తే వదులై చప్పుడు బొదబొదలాడుతుంది. పక్కల తాళ్లకుండే తోలు పట్టీల్ని కిందికి లాగి బిగించాలి. డ్రమ్ము ఎడమ తుంటి దగ్గర ఏటవాలుగా వేలాడుతుంది. అందుకే ఎడమ అరచెయ్యి పైకి తిప్పి పుల్ల పట్టుకుంటాడు. రెండు చేతులూ ఒకేలా పట్టినట్టు రాయకు.

ఇంకొకటి. అందర్నీ పన్నెండేళ్ల పిల్లల్ని చేశావు. డ్రమ్మర్లలో పెద్దవాళ్లు చాలామంది. శిక్ష పడ్డ తోటి సైనికుడి వీపు మీద తొమ్మిది తాళ్ల కొరడాతో కొట్టే పనీ వాళ్లదే. నీ నాయకుడి మనసులోకి వెళ్లే దారి అక్కడుంది, దాన్ని వదిలేశావు.

1781 అక్టోబరు 17న, అమెరికన్లు ముట్టడించిన యార్క్‌టౌన్‌లో ఒక బ్రిటిష్ డ్రమ్మర్ కోటగోడ ఎక్కి సంధి కోరుతూ వాయించాడు. ఫిరంగుల మోతలో ఆ చప్పుడు వినబడలేదనీ, అతని ఎర్రకోటు కనబడకపోతే ఎంత కొట్టినా వృథాయేననీ ఎబెనెజర్ డెన్నీ అనే అమెరికన్ అధికారి దినచర్యలో రాసుకున్నాడు. ఇక్కడ ఎర్రకోటేమిటని తికమకపడకు, రాయల్ రెజిమెంట్లలో డ్రమ్మర్‌దీ ఎర్రకోటే అన్నాను కదా. ఆ డ్రమ్మర్ వెనకే తెల్ల రుమాలు ఊపుతూ ఒక బ్రిటిష్ అధికారి వచ్చాడు. నీ చివరి అధ్యాయం అక్కడే కదా, ముందు దాన్ని తిరగరాసి పంపు.