జిన్నింగ్ మిల్లును డిజిటల్ చేయబోయే అబ్బాయికి

కర్నూలు

చిరంజీవి అబ్బాయికి పెద్దనాయన ఆశీస్సులు.

ఆదోని మిల్లును డిజిటల్ పద్ధతికి మార్చాలని నీవు రాసుకున్న ప్రణాళికను, దానితో జతచేసిన కొటేషన్‌ను పూర్తిగా చదివాను. ఆలోచన మంచిదే. అయితే అందులో ఏమేమి కొనాలో వివరంగా ఉన్నది గాని, ఏది తెలియక మనం డబ్బు పోగొట్టుకుంటున్నామో ఒక్క వాక్యమైనా లేదు. ఆ వాక్యం సాఫ్ట్‌వేర్ కంపెనీవారికి తెలిసే అవకాశం లేదు కనుక, నీవే రాసి వారి చేతిలో పెట్టాలి.

నన్నడిగితే పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో తేలవలసిన లెక్క ఒక్కటే: కొన్న పత్తిలో దూది ఎంత వచ్చింది, గింజలు ఎంత వచ్చాయి, తక్కినది ఎటు పోయింది. నూరు కిలోల పత్తికి ఇంచుమించు 33 నుంచి 35 కిలోల దూది, అరవై పైచిలుకు కిలోల గింజలు వస్తాయి. మిగిలినది చెత్త, తేమ. రోజుకు 500 క్వింటాళ్ల పత్తి నడిచే మిల్లులో దూది ఒక్క శాతం తగ్గినా ఐదు క్వింటాళ్లు పోయినట్లే, అంటే 170 కిలోల బేళ్లు (నొక్కి కట్టిన దూది మోపులు) దాదాపు మూడు. సీజను ముగిసి ఆడిటరు ముందు కూర్చున్నప్పుడు బయటపడే ఈ తరుగు, మరునాడు ఉదయం మిషన్లు తిరగకముందే నీకు తెలియాలి. ఈ సంవత్సరం ప్రాజెక్టుకు అంతకు మించిన లక్ష్యం పెట్టుకోవద్దు. ఫోనులో రంగురంగుల గ్రాఫులు, కృత్రిమ మేధ వగైరా తర్వాత చూసుకోవచ్చు.

కాబట్టి పని కాటా దగ్గర మొదలుపెట్టు. ఇప్పుడు గుమాస్తా కాటా మీటరు చూసి చీటీ రాస్తాడు, చీటీ చూసి పుస్తకంలో ఎక్కిస్తాడు, సాయంత్రం ఆ పుస్తకం చూసి ఇంకొకరు లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో కొడతారు. ఒకే బరువును మూడుసార్లు చేత్తో రాసినప్పుడు పొరపాటు ఎక్కడ దొర్లిందో తేలదు. కాటా మీటరు నుంచి బరువు నేరుగా కంప్యూటరులోకి రావాలి. చేత్తో ఎక్కించడం తప్పనిసరి అయిన రోజున ఎవరు, ఎందుకు ఎక్కించారో దాని పక్కన నమోదు కావాలి. లారీ ఖాళీ బరువును పాత పుస్తకంలోంచి తీసుకోకుండా ప్రతిసారీ తూయించు. అలాగే బరువు పక్కన తేమ శాతం లేకపోతే ఆ బరువుకు అర్థం లేదు. పత్తికి ఎనిమిది శాతం తేమను ప్రమాణంగా తీసుకుంటారని, పన్నెండు దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదని నీకు తెలిసిందే. పదకొండు శాతం తేమతో కొన్న పత్తి కుప్పలో ఆరి బరువు తగ్గితే, ఆ తగ్గుదలను దొంగతనమనో మిషను లోపమనో అనుకొని మనుషులను అనుమానించే పరిస్థితి వస్తుంది.

ప్రతి బేలు ఏ రైతు పొలం నుంచి వచ్చిందో చూపిస్తామని కొటేషన్‌లో రాశారు. రాసినవారు మన మిల్లు ఆవరణ ఎన్నడూ చూసి ఉండరు! యార్డులో పదిమంది దగ్గర కొన్న పత్తి ఒకే కుప్పగా పడుతుంది. ఆ తర్వాత దానిని విడదీయడం ఎవరి తరమూ కాదు. జాడ కుప్ప వరకు దొరికితే చాలు. కుప్పకు ఒక నంబరు ఇచ్చి, అందులో పడిన కాటా చీటీలన్నీ ఆ నంబరు కింద చేర్చి, దూదిని బేళ్లుగా నొక్కే ప్రెస్సు నుంచి వచ్చే బేలు బార్‌కోడులో అదే నంబరు ఉండేటట్లు చేయించు. స్పిన్నింగ్ మిల్లువారు రంగు బాగాలేదనో చెత్త ఎక్కువైందనో ఫిర్యాదు చేసినప్పుడు ఏ కుప్పో, అందులో ఎవరెవరి పత్తి కలిసిందో చెప్పగలుగుతావు. ఇందుకు కుప్పలు ఒకదానిలో ఒకటి కలవకుండా మధ్య జాగా వదలాలి. అది సాఫ్ట్‌వేర్ చేసే పని కాదు, మేస్త్రీతో చేయించవలసిన పని.

గింజలు వేరుచేసే డబుల్ రోలర్ మిషన్లన్నింటికీ సెన్సర్లు ఈ ఏడు వద్దు. వరుసకొకటి, ప్రెస్సుకొకటి కరెంటు మీటర్లు పెట్టిస్తే బేలుకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో తెలుస్తుంది. హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షన్‌కు గరిష్ఠ డిమాండు (ఒక్కసారిగా లాగిన అత్యధిక కరెంటు) మీద కూడా చార్జీ పడుతుంది కనుక, మోటార్లన్నీ ఒకేసారి వేసే అలవాటు ఎంత ఖర్చు తెస్తున్నదో కూడా బయటపడుతుంది. దూది నలుసులు మామూలు కంప్యూటరు ఫ్యానులో చేరి వారాల్లోనే దానిని పాడుచేస్తాయి. లోపల ఫ్యాను లేని, మూత గట్టిగా ఉన్న రకమే కొను. పత్తి ఉన్నచోట కొత్తగా లాగే ప్రతి వైరును మన ఎలక్ట్రీషియనుకు చూపించి, బీమా కంపెనీకి కూడా తెలియజెయ్యి.

మే నెలలో మొదలుపెట్టి, పోయిన సీజను కాటా చీటీలతోనే ఆగస్టులోగా పరీక్షించి చూడు. అక్టోబరులో తొలి పత్తి వచ్చేటప్పటికి అంతా సిద్ధంగా ఉండాలి. నవంబరు నుంచి జనవరి వరకు ఎవరు ఏ కొత్త సౌకర్యం చూపించినా ముట్టుకోవద్దు. పాత పుస్తకాన్ని ఎప్పుడు మూసేస్తావో ఆ తేదీ ముందే ప్రకటించు. రెండూ సాగినంతకాలం గుమాస్తా పుస్తకం చూసే కంప్యూటరు నింపుతాడు.

ఆ గుమాస్తానే ఈ పనికి బాధ్యుడిగా నియమించు. బయటినుంచి కుర్రవాడిని తెచ్చి ఆయన మీద కూర్చోబెడితే, ఆయన నోరు మెదపడు, పనీ జరగదు. తెర మీద తెలుగు ఉండాలి. కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు కూడా మన మిల్లులో ఉన్నారు కనుక అంకెలు పెద్దవిగా, మాటలు తక్కువగా ఉంటే మేలు. లెక్క మారినా కూలి రేటు మారదని హమాలీలకు నీవే స్వయంగా చెప్పు.

ఒప్పందంలో నాలుగు మాటలు రాయించు. నెట్టు లేకపోయినా కాటా నడవాలి. మన లెక్కలు మనం అడిగినప్పుడు ఎక్సెల్‌లో పూర్తిగా ఇవ్వాలి. సీజనులో వారి మనిషి ఆదోనిలోనే ఉండాలి. టర్నోవరు 5 కోట్లు దాటినందున మనకు తప్పనిసరైన ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్టీ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు), 50,000 రూపాయలు దాటిన సరుకు రవాణాకు ఈ-వే బిల్లు, రైతుల దగ్గర కొన్న పత్తికి మనమే కట్టవలసిన జీఎస్టీ, ఇవన్నీ ఒకసారి ఎక్కించిన లెక్క నుంచే రావాలి. సొమ్ములో మూడో వంతైనా, వరుసగా నెల రోజులు కాటా లెక్కా బేళ్ల లెక్కా సరిపోయిన తర్వాతే చెల్లించు.

అడ్వాన్సు చెక్కు రాసేముందు వారి ఇంజనీరును ఒక పూట మన కాటా దగ్గర, ఒక పూట ప్రెస్సు దగ్గర కూర్చోమను. ఆ తర్వాత వారు సవరించి ఇచ్చే కొటేషన్‌ను నాకు పంపు. చదివి ఫోను చేస్తాను.

ఇట్లు
మీ పెద్దనాయన