ప్రమాదంలో పోయిన కుక్కపిల్ల, ఇంట్లో మిగిలిన నింద

ప్రశ్న: ఏడాది కూడా నిండని మా కుక్కపిల్ల గత నెలలో వాహనం కింద పడి చనిపోయింది. బడి నుంచి వచ్చిన మా పన్నెండేళ్ల అబ్బాయి గేటు గడియ సరిగా వేయకపోవడంతో అది వీధిలోకి పరుగెత్తింది. పశువైద్యుడి దగ్గరకు చేరేసరికే ప్రాణం పోయింది. ఇంకాస్త త్వరగా వెళ్లి ఉంటే బతికేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ కంగారులో నేను మా అబ్బాయిని “నీ వల్లే పోయింది” అనేశాను. అప్పటి నుంచి వాడు సరిగా మాట్లాడడం లేదు, దాని పేరెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. నిజానికి ఆ గడియ వదులైందని నాకు ముందే తెలుసు. నాలుగేళ్ల మా అమ్మాయి అది ఎప్పుడొస్తుందని అడుగుతోంది. ఇంట్లో ఉన్న పెద్ద కుక్క సరిగా తినడం లేదు. బంధువులేమో “కుక్కే కదా, ఇంకొకటి తెచ్చుకోండి” అంటున్నారు. నాకు ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: మీరు రాసిన వాటిలో ఆలస్యం చేయకూడనిది మీ అబ్బాయితో మాట్లాడడం. పన్నెండేళ్ల పిల్లవాడికి చనిపోయినవారు తిరిగి రారని పూర్తిగా తెలుసు. అందుకే మీ నోటి నుంచి వచ్చిన ఆ మాటను వాడు కోపంలో అన్నదిగా కాక, తన మీద ఇచ్చిన తీర్పుగా తీసుకుని ఉండవచ్చు. వాడే వచ్చి అడుగుతాడని ఎదురుచూడకండి; తానే కారణమని నమ్మిన పిల్లలు ఆ సంగతి తమంతట తాము ఎత్తడం అరుదు. ఇద్దరే ఉన్న సమయం చూసుకుని, ఆ మాట అనకుండా ఉండాల్సిందని, తనను బాధపెట్టినందుకు క్షమించమని నేరుగా చెప్పండి. అయితే వాడిని ఓదార్చాలని “గేటుకూ దీనికీ సంబంధమే లేదు” అనకండి. వాడు నమ్మడు సరికదా, మీరు నిజం దాస్తున్నారని అనుకుంటాడు. “గేటు తెరిచి ఉండడం వల్లే అది బయటికి వెళ్లింది, నిజమే. కానీ నువ్వు కావాలని చేయలేదు, ఇలా అవుతుందని ఎవరూ అనుకోలేదు. గడియ వదులైందని తెలిసీ నేను బాగు చేయించలేదు” అని చెప్పవచ్చు. ఒక ప్రమాదానికి కారణం కావడం వేరు, నేరం చేయడం వేరు అని వాడికి అర్థం కావాలంటే, ఆ కారణంలో మీ వంతు కూడా ఉందని మీ నోటితోనే వాడు వినాలి. విన్న వెంటనే వాడు ఏడవకపోవచ్చు, బదులు చెప్పకపోవచ్చు. బలవంతం చేయకుండా వదిలేసి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ కదిలించండి.

ఇక మీ అపరాధ భావన. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాలు మీకు ఉపయోగపడతాయి. ఒక సంఘటన చివరికి ఏమైందో ముందుగానే తెలిసినవారు, అలా జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని, ఆ సంగతి తమకు చెప్పకపోయినా తాము ఊహించి ఉండేవాళ్లమని భావించారు. ఫలితం తెలియడం తమ అంచనాను మార్చిందని వాళ్లు గుర్తించలేకపోయారు. మీ మనసు ఇప్పుడు చేస్తున్నదీ అదే. ప్రమాదం జరిగే వరకు ఆ వదులు గడియ ఇంట్లో బాగు చేయించాల్సిన పనుల్లో ఒకటి మాత్రమే. ఈ రోజు మీకున్న తెలివిడిని ఆ రోజుకు తీసుకెళ్లి, అప్పటి మిమ్మల్ని మీరు శిక్షించుకుంటున్నారు. మీ బాధ్యత ఏమీ లేదని నేను అనడం లేదు. ఆ గడియను ఇప్పటికీ బాగు చేయించి ఉండకపోతే వెంటనే చేయించండి, వీలైతే మీ అబ్బాయిని పక్కన ఉంచుకుని.

త్వరగా తీసుకెళ్లి ఉంటే బతికేదా అన్న అనుమానాన్ని ఒంటరిగా మోయకండి, దాన్ని చూసిన వైద్యుణ్ణే అడగండి. వాహనం ఢీకొన్నప్పుడు పైకి పెద్ద గాయం కనిపించకపోయినా లోపల కాలేయమో ప్లీహమో చిట్లి, ఎవరూ ఆపలేనంత వేగంగా రక్తం పోవచ్చు. మీ కుక్కపిల్ల విషయంలో ఏం జరిగిందో ఆయనే చెప్పగలరు. చాలామంది మొహమాటపడి అడగరు. జవాబు ఎంత కఠినమైనదైనా, రాత్రిళ్లు ఊహించుకునే దానికంటే దాన్ని భరించడం తేలిక.

జబ్బుపడి పోయే జంతువు విషయంలో మనసు సిద్ధపడడానికి కొంత వ్యవధి ఉంటుంది, మీకు అది దొరకలేదు. పైగా పోయింది పసిది కాబట్టి, అది మీ ఇంట్లో గడపవలసిన సంవత్సరాలన్నింటి కోసమూ మీరు దుఃఖిస్తున్నారు. ఇది కుక్కతో ఉన్న అనుబంధం తెలియనివారికి అర్థం కాదు. చుట్టూ ఉన్నవారు గుర్తించని, బాహాటంగా ఏడవడానికి చోటివ్వని దుఃఖానికి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాడు. పెంపుడు జంతువును కోల్పోయినవారి బాధను కూడా ఆ కోవలోనే చెబుతారు. బంధువులతో వాదించి మీ ఓపిక పోగొట్టుకోకండి. మీ మాట వినగలవారు ఒక్కరున్నా చాలు, వారితోనే మాట్లాడండి. కొత్త కుక్కపిల్ల గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. ముఖ్యంగా మీ అబ్బాయికి అది తన తప్పును కప్పిపుచ్చడానికి తెచ్చినట్టు అనిపించకూడదు.

నాలుగేళ్ల వయసులో చావు తాత్కాలికం అనుకోవడం సహజం, అందుకే మీ అమ్మాయి మళ్లీ మళ్లీ అడుగుతుంది. “నిద్రపోయింది” అంటే పిల్లలు నిద్రకు భయపడతారు, “ఊరెళ్లింది” అంటే రోజూ ఎదురుచూస్తారు. “అది చనిపోయింది, దాని శరీరం పనిచేయడం మానేసింది, ఇక తిరిగి రాదు, మనందరికీ బాధగా ఉంది” అని అడిగిన ప్రతిసారీ అదే మాట చెప్పండి.

తోడు పోయిన కుక్కలు వెతుక్కోవడం, తిండి తగ్గించడం తరచుగా కనిపించేదే. మీ పెద్ద కుక్కకు భోజనం, నడక, నిద్ర పాత వేళల ప్రకారమే సాగనివ్వండి. ఒకటి రెండు రోజులు అసలేమీ ముట్టకపోతే మాత్రం దిగులేనని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించండి, వేరే జబ్బు ఉండవచ్చు.

మీ కళ్ల ముందు కదులుతున్న ఆ దృశ్యం మరికొన్ని వారాలకైనా పలచబడకపోయినా, నిద్రనూ పనినీ చెడగొడుతున్నా మానసిక వైద్య నిపుణులను కలవండి. మీ అబ్బాయి బడికి వెళ్లనన్నా, తిండీ నిద్రా మానేసినా ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి. తాను ఉండకపోతేనే బాగుండేదనే అర్థం వచ్చే మాట ఒక్కసారి అన్నా సరే, వాడిని ఒంటరిగా వదలకుండా అదే రోజు నిపుణులకు చూపించండి.